నాలుగు పొట్లాలు, మూడు వందల ఏళ్ళు



మద్యమన్నది ఏనాడూ నోట పెట్టని తెలుగు పంతులు బీరు చరిత్ర వ్రాయబూనడం మీకు విడ్డూరంగా తోచవచ్చు. కారణం చెబుతాను. ఆ మధ్య అమెరికాలో మా అమ్మాయి ఇంట కొన్నాళ్ళున్నాము. ఒక శనివారం ఉదయం వంటింటి గట్టు మీద ఒక అట్టపెట్టె విప్పి ఉన్నది. అందులో నాలుగు ధాన్యపు పొట్లాలు, ఎండుపువ్వుల పొట్లం ఒకటి, చిటికెడు ఈస్టు ఉన్న చిన్న కవరు. ఇంట్లోనే నల్లబీరు కాచుకొనే సామగ్రి అట! కాచేది అల్లుడు కాబోలుననుకొన్నాను. కాదు, అమ్మాయే. నా ముఖం చూసి, "నాన్నగారూ, మీరు త్రాగనక్కరలేదు. ఈ నాలుగు పొట్లాలూ నాలుగు రంగులలో ఎందుకున్నాయో చెప్పండి చాలు. ఇంత చదివారు కదా!" అన్నది.

ఆనాడు చెప్పలేకపోయాను. ఆడపిల్ల ఇంట్లో మద్యం కాయడమేమిటన్న కోపం ఒకవైపు, ప్రశ్నకు జవాబు తెలియదన్న చిన్నతనం ఒకవైపు. కోపాన్ని అణచుకొని, చిన్నతనాన్ని పోగొట్టుకొందామని ఆ ఊరి గ్రంథాలయంలో కొన్ని వారాలు కూర్చున్నాను. అక్కడ చదివినదాని సారమే ఈ వ్యాసం. మద్యపానాన్ని పొగడటం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను.

మొదట పని తీరు తెలియాలి. బార్లీ గింజలను, అనగా మన యవలను, నానబెట్టి మొలక తలయెత్తగానే వేడిగాలిలో ఎండబెడితే అది మాల్టు. మన ఇళ్ళలో రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, విసిరి చేసే రాగిమాల్టు ఈ జాతిదే. మొలకెత్తే గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ మాల్టును బరకగా మరపట్టించి, 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గకుండా గంటసేపు నీటిలో ఉంచితే అందులోని పిండి కరిగి తీపి కషాయమవుతుంది. దానిని వడగట్టి, హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తే చేదు పడుతుంది. చల్లార్చి ఈస్టు చల్లితే, ఆ సూక్ష్మజీవి చక్కెరను తిని మద్యసారాన్నీ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. పులియబెట్టడం వేరు, పులిసినదానిని బట్టీ పెట్టి ఆవిరిని దించడం వేరు. మన సారా రెండవ తెగకు చెందినది. బీరు మొదటి తెగకు చెందినది. సిద్ధంగా దొరికే మాల్టు పాకంతో పని సులువుగా కానిచ్చేవారు కూడా ఉన్నారు. ధాన్యం నుంచే మొదలుపెట్టడం పూర్తి పద్ధతి. మా అమ్మాయి పట్టినది ఆ త్రోవ.

పొట్లాలు విప్పేముందు ఒక మాట. మధ్యయుగపు ఇంగ్లండులో ఈ పని ఎవరి చేతిలో ఉండేదని వెతికితే, భాషే సాక్ష్యం చెప్పింది. అక్కడ బీరు కాచే మనిషికి బ్రూస్టర్ అని పాత పేరు. ఆ చివరి ప్రత్యయం మొదట స్త్రీవాచకం. మనకు పాటకత్తె, అందగత్తె అన్నచోట ఉన్న 'కత్తె' వంటిదన్నమాట. నూలు వడికే ఆమె స్పిన్‌స్టర్ అయినట్లే బీరు కాచే ఆమె బ్రూస్టర్. పల్లెలలో రొట్టె కాల్చినట్లే బీరు కాచడం కూడా ఇల్లాలి పని. ఇంటివారికి సరిపోగా మిగిలినది ఇరుగుపొరుగుకు అమ్మేవారు. పదమూడవ శతాబ్దంలో రొట్టెకూ బీరుకూ ధరలు కట్టడి చేస్తూ రాజశాసనం వచ్చింది. దానిని మీరినందుకు చెల్లించిన జరిమానాల పద్దులలోనే ఆ స్త్రీల పేర్లు నేటికీ మిగిలి ఉన్నాయి. తరువాత హాప్స్ వచ్చి బీరు నిలువ ఉండే వస్తువైంది; నిలువ ఉండేది కనుక పెద్ద ఎత్తున కాయవచ్చు; పెద్ద ఎత్తుకు పెట్టుబడి కావాలి. పెట్టుబడి, సంఘాల సభ్యత్వం, అప్పు పుట్టించే పరపతి పురుషులకే ఉండేవి. రెండు మూడు వందల ఏళ్ళలో నగరాలలో ఆ పని స్త్రీల చేయి జారిపోయింది.

ఇక పొట్లాలు.

చరిత్రలో అన్నిటికంటె ముందు విప్పవలసినది గోధుమరంగు మాల్టు. పదునెనిమిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో లండను నగరంలో కట్టెల మంట మీద గాఢంగా కాల్చిన ఈ మాల్టుతోనే ఒక ముదురురంగు బీరు కాచేవారు. నెలల తరబడి నిలువ ఉంచగా దాని పొగవాసన, కారుదనం తగ్గి నెమ్మదించేది. థేమ్స్ రేవులలోనూ వీధులలోనూ బరువులు మోసే కూలీలు దానిని మెచ్చారు. వారిని పోర్టర్లంటారు. త్రాగేవారి పేరే పానీయానికి వచ్చింది. 1721 నాటికే ఈ పేరు అచ్చులో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1722లో షోర్‌డిచ్ పేటలో రాల్ఫ్ హార్‌వుడ్ అనే ఆయన, మూడు పీపాల నుంచి మూడు రకాలు కలిపి పోసే శ్రమ తప్పించడానికి, ఆ మూడింటి రుచీ ఒకే పీపాలో వచ్చేటట్లు పోర్టరును కనిపెట్టాడని. ఈ కథ ఈ రూపంలో వ్యాపించినది 1802లో జాన్ ఫెల్తమ్ వ్రాసిన లండను వర్ణన వలన, అనగా ఎనభై ఏళ్ళ తరువాత. నేటి పరిశోధకులు దీనిని నమ్మరు. మన కవుల చాటుకథల వలెనే ఇదీ ఒకటి. జనం నెమ్మదిగా మలచుకొన్నదానికి ఒక కర్తను చూపితే తప్ప లోకానికి తృప్తి ఉండదు.

మరొక ముచ్చట. ఆనాటి గోధుమరంగు మాల్టులో పిండిని చక్కెర చేసే శక్తి మిగిలి ఉండేది గనుక దానితోనే బీరంతా కాచారు. నేడు అదే పేరుతో పొట్లంలో వచ్చేది పీపాయంత్రంలో వేయించినది. దానిలో ఆ శక్తి లేదు; రంగుకూ రుచికీ మాత్రమే పనికివస్తుంది. పేరు నిలిచి వస్తువు మారింది. ఒకనాడు సువాసనకు కూడా చెల్లిన 'కంపు' నేడు దుర్వాసనకే మిగిలినట్లు.

నిలువ ఉంచే బీరు గనుక ఎంత పెద్ద తొట్టి ఉంటే అంత లాభం. లండను బీరు కర్మాగారాలు ఇలాగే పెరిగాయి. శామ్యూల్ విట్‌బ్రెడ్ 1750లో చిస్‌వెల్ వీధిలో కట్టిన కర్మాగారంలో 1785లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రం బిగించారు. 1787లో మూడవ జార్జి రాజు స్వయంగా వచ్చి చూశాడు. ఆ యంత్రం నేటికీ సిడ్నీ నగరపు మ్యూజియంలో ఉన్నది. 1796 నాటికి అక్కడ ఏటా రెండు లక్షల పీపాలు మించి కాచారు. పారిశ్రామిక విప్లవమనగానే మనం నూలు మిల్లులనే తలచుకొంటాము. నల్లబీరు కూడా ఆ విప్లవంలో ముందు వరుసలోనే నడిచింది.

సాహిత్యాభిమానులకు ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ ఉన్నది. ఆంగ్ల నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్‌కు ఆప్తుడైన హెన్రీ త్రేల్, సదర్క్‌లోని ఒక గొప్ప పోర్టరు కర్మాగారానికి యజమాని. మాల్టూ హాప్సూ లేకుండా బీరు కాయవచ్చునన్న ఒకరి మాట నమ్మి 1772లో దివాలా అంచుకు వచ్చాడు. అప్పుడు తల్లి దగ్గరా స్నేహితుల దగ్గరా అప్పు తెచ్చి కర్మాగారాన్ని నిలబెట్టినది ఆయన భార్య హెస్టర్. 1781లో ఆయన మరణించాక కర్మాగారాన్ని 1,35,000 పౌండ్లకు అమ్మారు. ఆ అమ్మకం జరిపించినవారిలో జాన్సన్ పండితుడొకడు. పండితులకు బీరు లెక్కలు కొత్త కావని ఈ సంగతి చదివాక కాస్త ధైర్యం వచ్చింది.

ఈ వైభవానికి రెండవ ముఖం 1814 అక్టోబరు 17న బయటపడింది. టాటెన్‌హామ్ కోర్టు రోడ్డు దగ్గర మ్యూ కంపెనీ వారి హార్స్ షూ కర్మాగారంలో 22 అడుగుల ఎత్తైన కర్రతొట్టి సాయంవేళ పగిలింది. అందులో ఉన్నది 3,500 పీపాలకు పైగా పోర్టరు. వెనుక గోడ కూలి, ఆ వెల్లువ సెయింట్ జైల్స్ పేదవాడలోని నేలమాళిగ ఇళ్ళలోకి దూకింది. ఒక ఇంట రెండేళ్ళ బిడ్డ శవం దగ్గర తల్లీ బంధువులూ కూర్చుని ఉన్నారు. చనిపోయినవారు ఎనిమిదిమంది. అందరూ స్త్రీలూ పిల్లలే. బిడ్డ కోసం ఏడుస్తున్న ఆ తల్లి కూడా వారిలో ఉన్నది. విచారణలో ఇది దురదృష్టవశాత్తు జరిగినదని తేల్చారు. ఒలికిపోయిన బీరుకు కట్టిన సుంకం సుమారు 7,250 పౌండ్లు కంపెనీకి తిరిగి ముట్టింది. చనిపోయినవారి ఇళ్ళకు కంపెనీ నుంచి ఏమీ రాలేదు. ఇరుగుపొరుగు వేసిన చందాలే దిక్కయ్యాయి. ఒకనాడు ఏ ఇల్లాళ్ళ పొయ్యి మీద ఆ పానీయం పుట్టిందో, ఆ వర్గపు స్త్రీల మీదనే అది ఇలా వచ్చి పడింది. ఈ పుట చదివిన రోజున మరి చదవలేక పుస్తకం మూసివేశాను.

రెండవ పొట్లం లేతరంగు మాల్టు. పెట్టెలో అన్నిటికంటె బరువైనది ఇదే. నల్లబీరులో తెల్లమాల్టుకు పెద్దపీట ఎలా వచ్చింది? దీనికి కారణం ఒక గాజు గొట్టం. పాలలో నీళ్ళు కలిశాయో లేదో చూసే లాక్టోమీటరు మీరెరుగుదురు. దాని జాతిదే హైడ్రోమీటరు. కషాయంలో చక్కెర ఎంత ఎక్కువైతే అది అంత పైకి తేలుతుంది. 1784లో జాన్ రిచర్డ్‌సన్ దీనిని బీరు తయారీలో ఎలా వాడాలో గ్రంథం వ్రాశాడు. దానితో కొలిచి చూడగా, ధరకు చవక అయిన గోధుమరంగు మాల్టు నుంచి వచ్చే తీపి బాగా తక్కువని, ధర ఎక్కువైనా లేతరంగు మాల్టే గిట్టుబాటని తేలింది. నాలుకా ముక్కూ తరతరాలుగా చెప్పని రహస్యాన్ని గాజు గొట్టం చెప్పింది. కర్మాగారాలవారు వెంటనే లేతరంగు వైపు మొగ్గారు.

కాని చిక్కు వచ్చింది. లేతరంగు మాల్టుతో కాస్తే బీరు నల్లగా ఉండదు. త్రాగేవారికి నలుపే కావాలి. నలుపంటే బలమని వారి నమ్మకం. కొందరు మాడ్చిన చక్కెర కలిపారు, మరికొందరు చెప్పరాని మూలికలు, గింజలు కలిపారు. ఆ మోసాలను అరికట్టడానికీ, మాల్టు మీద వచ్చే పన్ను జారిపోకుండా చూసుకోవడానికీ 1816లో చట్టం వచ్చింది. మాల్టు, హాప్స్ తప్ప మరేదీ బీరులో పడరాదని. అంటే నలుపు కూడా మాల్టు నుంచే రావాలి.

ఆ అవసరమే మూడవ పొట్లాన్ని పుట్టించింది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీగింజలు వేయించినట్లు మాల్టును తిరిగే ఇనుప పీపాలో, బొగ్గయిపోకుండా, 200 డిగ్రీల పైచిలుకు వేడిలో నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు పొందాడు. అందుకే ఆ నల్లమాల్టును నేటికీ పేటెంటు మాల్టనే పిలుస్తారు. కుంచెం తెల్లమాల్టుకు గుప్పెడు ఇది చాలు, కడవెడు బీరూ కాటుక రంగు తిరుగుతుంది. డబ్లిను నగరంలో 1759 డిసెంబరు 31న ఏటా 45 పౌండ్ల కౌలుకు 9,000 ఏళ్ళకు స్థలం తీసుకొన్న ఆర్థర్ గిన్నెస్ సంస్థ కూడా తరువాత ఈ మాల్టును చేపట్టింది. స్టౌట్ అంటే మొదట 'గట్టి' అన్న విశేషణం మాత్రమే. గట్టి పోర్టరును స్టౌట్ పోర్టర్ అనేవారు; కాలక్రమాన విశేష్యం జారిపోయి విశేషణమే పేరై కూర్చుంది.

ఈ పన్ను సంగతి మరికాస్త చెప్పాలి. 1697 నుంచి మాల్టు మీద పన్ను ఉన్నది. ఇంట్లో కాచుకొన్న బీరు మీద సుంకం లేకపోయినా, మాల్టు కొంటే పన్ను కట్టినట్లే. విలియం కాబెట్ అనే పత్రికారచయిత 1822లో పుస్తకంగా వచ్చిన తన గ్రామీణ గృహనిర్వహణ గ్రంథంలో ఒకటే వాపోయాడు: ఒక తరం క్రితం దాకా కూలివాని ఇంట కూడా ఇల్లాలు బీరు కాచేదని, మాల్టు మీదా హాప్స్ మీదా వేసిన పన్నులు ఆ విద్యను మాపివేశాయని, ఇంటిపొయ్యి ఆరిపోయి పురుషుడు దుకాణానికి అలవాటు పడ్డాడని. ఆయన అతిశయోక్తిప్రియుడు, అయినా చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

నాలుగవ పొట్లం మొలకెత్తించకుండానే నల్లగా వేయించిన బార్లీ. దీనిని వాడితే మాల్టు పన్ను ఎగవేసినట్లు గనుక అప్పటిదాకా బ్రిటనులో నిషేధం. 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను రద్దు చేసి, కషాయపు సాంద్రతను కొలిచి దాని మీద సుంకం వేసే పద్ధతి తెచ్చాడు. ఏ ధాన్యం వాడినా ప్రభుత్వానికి అభ్యంతరం లేదు. అలా వేయించిన బార్లీకి తలుపు తెరుచుకొన్నది. తరువాతి కాలంలో స్టౌటుకు కాఫీ వంటి చేదు దీనివలననే అన్నంత పేరు వచ్చింది. అదే చట్టం మరొక తలుపు మూసింది. తమ ఇంటికోసం కాచుకొనేవారు కూడా లైసెన్సు తీసుకోవాలి, ఇంటి విలువను బట్టి కొందరు సుంకం కట్టాలి. అప్పటికే సన్నగిల్లిన ఇంటి కాపు ఆ తరువాత దాదాపు అంతరించింది.

చిన్న కవరులోని ఈస్టుకూ ఒక వాక్యం ఇవ్వాలి. లక్షల పీపాలు కాచినవారికి పులిసేది ఎందుకో తెలియదు. 1871లో లూయీ పాశ్చర్ విట్‌బ్రెడ్ కర్మాగారానికి వచ్చి వారి ఈస్టును సూక్ష్మదర్శినిలో చూపించి దోషం పట్టుకొన్నాక, వారంలోగా ఒక సూక్ష్మదర్శిని కొన్నారట.

పోయిన విద్య తిరిగి ఇంటికి వచ్చినది మన కాలంలోనే. 1963 బడ్జెటులో బ్రిటిష్ ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఇంటి కాపుకు లైసెన్సు అక్కరలేదన్నాడు, అమ్మకూడదన్నదే షరతు. అమెరికా కథ వేరు. 1920 జనవరిలో అక్కడ మద్యనిషేధం వచ్చి 1933లో పోయింది. పోయినప్పుడు ఇంట్లో ద్రాక్షసారాయానికి వీలు కలిగింది గాని బీరుకు కలగలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ లోపం తీరింది. ఇద్దరు పెద్దవారున్న ఇంట ఏటా 200 గ్యాలన్లు, సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా కాచుకోవచ్చు. రాష్ట్రాల అనుమతి వేరుగా కావాలి గనుక మిసిసిపి, అలబామాలు 2013లో గాని ఒప్పుకోలేదు. కర్మాగారాలలో కనుమరుగైన పోర్టరును మళ్ళీ బ్రతికించినవారిలో ఈ ఇంటి కాపువారు ముఖ్యులు.

ఇదంతా పరాయి కథ అనుకొంటుండగా మన కౌటిల్యుడు గుర్తుకు వచ్చాడు. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు. మద్యం తయారీ, అమ్మకం అంతా రాజు చేతిలోనిదే. కల్తీకి, దొంగచాటు అమ్మకానికి దండనలున్నాయి. మేదకమనే మద్యానికి ద్రోణం నీళ్ళకు అర్ధాఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం అని కొలత కూడా ఇచ్చాడు. ఆ కిణ్వమే నేటి మన విజ్ఞానశాస్త్ర పుస్తకాలలోని కిణ్వప్రక్రియ. అయితే అంత కట్టడిలోనూ ఒక సడలింపు చేశాడు: గృహస్థులు శుభకార్యాలకు తెల్లసురను, ఔషధానికి అరిష్టాన్ని ఇంట్లో చేసుకోవచ్చు, ఉత్సవాలకూ యాత్రలకూ నాలుగు రోజుల అనుమతి ఉన్నది. కిణ్వపు దినుసులు సేకరించే పని స్త్రీలకూ పిల్లలకూ అప్పగించాడు. పన్ను ఎంత అవసరమో తెలిసినవాడే, ఇంటి గడప దగ్గర ఎంతవరకు ఆగాలో కూడా ఆలోచించాడన్నమాట.

మన రాష్ట్రంలో నేను చూసిన చరిత్ర ఇంకొకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకొంటున్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా ప్రాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం రద్దయింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో సడలింది. ఆ రోజులలో మేష్టర్లం చాలామందిమి ఆ స్త్రీల పక్షాన నిలిచాము; నేటికీ నా మనసు అక్కడే ఉన్నది. వారు ఎదిరించినది వేలంపాటతో ఊరి నడుమ వెలసిన దుకాణాన్ని, కూలి డబ్బును ఇల్లు చేరనివ్వని వ్యాపారాన్ని. ఆ దుకాణం ఉంచాలా తీయాలా అని అంతకుముందు వారినెవరూ అడగలేదు. లైసెన్సు లేని ఇంటి తయారీ మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నేరమే, అది అలాగే ఉండాలన్నవారితో నేను వాదించను. కాని లండను పేదవాడలో మునిగిపోయిన తల్లిని, దూబగుంట తల్లులను పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఒకటి తోచింది. ఇంటి చేతి నుంచి పోయి, ఖజానాకూ వ్యాపారికీ మధ్య లెక్కగా మారినప్పుడే ఆ పానీయం అన్నిటికంటె ఎక్కువ కీడు చేసింది. ఆ లెక్కలో ఆడవారి పేర్లు ఉండవు.

తిరుగు ప్రయాణానికి ముందు అమ్మాయి రెండవసారి కాచింది. ఈసారి నేను కుర్చీ వేసుకొని పక్కనే కూర్చున్నాను. పొట్లం విప్పినప్పుడల్లా దాని కథ చెప్పాను. వేడి 67 దగ్గర నిలిచిందో లేదో చూసే పని నాకు అప్పగించింది. ఈస్టు వేయకముందు, అది ఇంకా మద్యం కాదు గనుక, చెంచాడు రుచి చూశాను. మాడుపట్టిన బెల్లంపాకంలో కాఫీ డికాక్షను కలిపినట్లున్నది. హైడ్రోమీటరు 1.055 చూపింది. రెండు వారాల తరువాత 1.015. చక్కెర పోయి నూటికి అయిదు పాళ్ళ మద్యసారం అయిందని తాత్పర్యం. అప్పటికి నా వాటా ముగిసింది. సీసాలకెత్తిన తరువాత దానిని నేను ముట్టలేదు, ఆమె ముట్టమనలేదు.

గిన్నెలు కడుగుతూ, "బ్రూస్టర్‌కు తెలుగులో ఏమంటారు నాన్నగారూ?" అని అడిగింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, సమయానికి మాట తట్టలేదు. కత్తె ప్రత్యయంతోనే ఏదో ఒకటి కుదరాలి. ఇంకా వెతుకుతున్నాను.

స్వస్తి.